స్కౌట్, ఆల్గోలియా పెట్టాక ‘పెళ్లి’ దొరుకుతోంది, ‘పెళ్ళి’ దొరకట్లేదు

పాతపుస్తకం
లారావెల్ 11 (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్), మైఎస్‌క్యూఎల్ డేటాబేసు. పాత తెలుగు పుస్తకాలు అమ్మే సైటు. టేబుల్లో 42,310 వరసలు. ఇన్నాళ్లూ ‘లైక్’కి రెండు పక్కలా పర్సెంటు గుర్తు పెట్టి నెట్టుకొచ్చాను. అది నత్తనడక అయ్యేసరికి స్కౌట్ (లారావెల్‌కి సెర్చ్ తగిలించే ప్యాకేజీ) వేసి ఆల్గోలియాకి (బయటి సెర్చ్ సర్వీసు) కట్టాను. కంపోజర్‌తో స్కౌట్, ఆల్గోలియా క్లయింటు దించడం, కాన్ఫిగ్ పబ్లిష్ చేయడం, ‘బుక్’ మోడల్లో ‘సెర్చబుల్’ ట్రెయిట్ పెట్టడం, ‘స్కౌట్ ఇంపోర్ట్’ కొట్టడం. అంతే చేశాను. వేగం మాత్రం అదిరింది.

ఇప్పుడు గోల: ‘పెళ్లి’ కొడితే వచ్చే పుస్తకాలు ‘పెళ్ళి’ కొడితే రావు. పేజీకి 20 అడిగితే ఒక్కోసారి 17, ఒక్కోసారి 12 వస్తున్నాయి, మొత్తం సంఖ్య మాత్రం ఎక్కువే చూపిస్తోంది. టైపు చేస్తుంటే దిగే సూచనల్లో (అవి బ్రౌజరు నుంచి నేరుగా ఆల్గోలియాకి పోతాయి) అమ్ముడుపోయినవీ కనిపిస్తున్నాయి. పైగా డాష్‌బోర్డులో రికార్డులు 41,810 మాత్రమే. ఎక్కడ తప్పుతున్నాను?

క్యూ_కట్టండి
42,310 లోంచి 41,810 తీసేస్తే సరిగ్గా 500. స్కౌట్ ఒక్కో విడతలో పంపేది 500. అంటే ఒక విడత మొత్తం పోయింది. ఫెయిల్ అయిన జాబుల (క్యూలో వెనక నడిచే పనుల) టేబుల్ చూడండి.

పాతపుస్తకం
చూశాను. ఒకే ఒక్క జాబు ఉంది. ‘రికార్డు మరీ పెద్దది’ అని ఏదో ఆబ్జెక్టు ఐడీ చూపిస్తోంది. ఒక్క పుస్తకం కోసం 499 ఆగిపోతాయా?

క్యూ_కట్టండి
ఆగిపోతాయి. విడత ఒకే రిక్వెస్టుగా వెళ్తుంది. అందులో ఒకటి హద్దు దాటితే మొత్తం వెనక్కి కొడుతుంది. ఉచిత ప్లాన్‌లో ఒక్కో రికార్డు హద్దు 10 కేబీ.

మిరపబజ్జీ
పెళ్ళివారిలో ఒకరికి వంట నచ్చకపోతే బస్సు బస్సంతా వెనక్కి పోయినట్టు.

బ్యాకెండ్_బాబాయ్
అసలు ‘టు సెర్చబుల్ అర్రే’ (ఆల్గోలియాకి ఏ ఫీల్డులు పంపాలో చెప్పే పద్ధతి) రాశారా? మొదటి పోస్టులో ఆ ఊసే లేదు.

పాతపుస్తకం
లేదు, రాయకపోయినా పనిచేస్తుంది కదా అని.

బ్యాకెండ్_బాబాయ్
పనిచేస్తుంది, అదే ప్రమాదం. రాయకపోతే స్కౌట్ మోడల్ ‘టు అర్రే’ తీసుకుంటుంది. అంటే ‘హిడెన్’లో పెట్టనివన్నీ, వరసంతా బయటి సర్వీసుకి పోతుంది. పాత పుస్తకాల సైటు కాబట్టి అమ్మినవారి ఫోను నంబరు, కొన్న ధర కూడా ఆ టేబుల్లోనే ఉండి ఉంటాయి. సూచనలు బ్రౌజరు నుంచి నేరుగా వెళ్తున్నాయన్నారు. వెతుకులాట కీ ఉన్న ఎవరైనా నెట్‌వర్క్ ట్యాబు తెరిచి అవన్నీ చదువుకోవచ్చు. ఇంకొకటి, బ్రౌజర్లో ఉన్నది సెర్చ్‌కి మాత్రమే పనికొచ్చే కీ అని ఇప్పుడే ఖాయం చేసుకోండి. అడ్మిన్ కీ అక్కడ ఉంటే ఎవడైనా మీ ఇండెక్స్ (ఆల్గోలియాలో ఉన్న మీ పుస్తకాల కాపీ) తుడిచేసి పోతాడు.

ఆ పద్ధతిలో చేతితో రాయండి: ఐడీ, పేరు, రచయిత పేరు, విషయం, ప్రచురణ ఏడాది, ధర, స్టాకులో ఉందా. వివరణలోంచి మొదటి 150 మాటలు చాలు. ధరనీ ఏడాదినీ అంకెలుగా మార్చి పంపండి. డేటాబేసు నుంచి డెసిమల్ కాలమ్ స్ట్రింగుగా వస్తుంది, స్ట్రింగుగా వెళ్తే 100 నుంచి 200 మధ్య అన్న ఫిల్టరు పడదు. తేదీలైతే టైమ్‌స్టాంపు అంకె.

రచయిత వేరే టేబులైతే ‘మేక్ ఆల్ సెర్చబుల్ యూజింగ్’లో ‘విత్’తో రచయితను ముందే లాగండి. లేకపోతే ఇంపోర్టులో వరసకో క్వెరీ, 42 వేల అదనపు క్వెరీలు. రచయిత పేరు దిద్దినప్పుడు పుస్తకాల ఇండెక్స్ దానంతటది మారదు. రచయిత సేవ్ అయిన చోట ఆయన ‘బుక్స్’ సంబంధం మీద ‘సెర్చబుల్’ పిలవాలి.

నల్లేరు
10 కేబీ విషయంలో తెలుగువాళ్లకి ఒక దెబ్బ ఉంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌పాయింటు (యూనికోడ్ ఒక్కో గుర్తుకి ఇచ్చే సంఖ్య) 3 బైట్లు. ‘పుస్తకం’ కంటికి మూడక్షరాలు, ప, ఉకారం, స, పొల్లు, త, క, సున్న కలిపి కోడ్‌పాయింట్లు 7, బైట్లు 21. 10 కేబీ అంటే సుమారు 3,300 కోడ్‌పాయింట్లే, ఫీల్డు పేర్లు అదనం. ఇంగ్లీషు సైటు చూసి వేసుకున్న అంచనా మూడో వంతుకి పడిపోతుంది. కొలిచేటప్పుడు ‘ఎంబీ స్ట్రెలెన్’ కాదు, ఉత్త ‘స్ట్రెలెన్’ వాడండి, బైట్లు చెప్పేది అదే.

సాదాసీదా
42 వేల వరసలకి బయటి సర్వీసు ఎందుకండీ? స్కౌట్‌లోనే డేటాబేస్ డ్రైవరు ఉంది. కాలమ్‌కి ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ వేసి, ఆ అట్రిబ్యూటు తగిలిస్తే సరి. సింక్ తలనొప్పే ఉండదు, కాపీయే లేదు కాబట్టి.

బ్యాకెండ్_బాబాయ్
ఇంగ్లీషు కేటలాగు అయితే ఒప్పుకుంటా. అక్షరదోషాల్ని సహించడం, ఫలితాల వరుస, టైపు చేస్తుంటే సూచనలు, ఇవన్నీ మళ్లీ మనమే కట్టుకోవాలి.

సాదాసీదా
పోస్ట్‌గ్రెస్ అయితే ట్రైగ్రామ్ (మూడేసి అక్షరాల ముక్కలు పోల్చే) ఎక్స్‌టెన్షన్ ఉందిగా, అక్షరదోషాలకి అదే చాలు.

అరసున్న
పోస్ట్‌గ్రెస్‌లో హిందీకీ తమిళానికీ నేపాలీకీ స్టెమ్మర్లు (మాట చివర కోసి మూలం పట్టేవి) ఉన్నాయి, తెలుగుకి లేదు. ‘సింపుల్’ కాన్ఫిగ్‌తోనే సరిపెట్టుకోవాలి. ట్రైగ్రామ్ మంచిదే, కానీ డేటాబేసు ‘సి’ లొకేల్‌లో ఉంటే తెలుగు అక్షరాల్ని అక్షరాలుగానే లెక్కపెట్టదు. ఎటు పోయినా పెళ్లి గోల తీరదు, అది సర్వీసు సమస్య కాదు, లిపి సమస్య. సాయంత్రం వివరంగా రాస్తా.

గోదారిగట్టు
20 బదులు 17 రావడం గురించి. స్కౌట్ ఆల్గోలియా నుంచి ఐడీలు మాత్రమే తీసుకుని, ఆ వరసలు మీ డేటాబేసులోంచి తెస్తుంది. ఇండెక్స్‌లో ఉండి టేబుల్లో లేని ఐడీలు నిశ్శబ్దంగా రాలిపోతాయి. మోడల్ ద్వారా కాకుండా నేరుగా ఎస్‌క్యూఎల్‌తో డిలీట్ చేశారా? ‘వేర్’ పెట్టి మూకుమ్మడిగా డిలీట్ చేసినా మోడల్ ఈవెంట్లు పేలవు, స్కౌట్‌కి తెలియదు. ఫారిన్ కీ క్యాస్కేడ్ కూడా అంతే.

పాతపుస్తకం
డిలీట్ అసలు చేయను. అమ్ముడుపోతే స్టాకు సున్నా అవుతుంది, వరస ఉంటుంది.

క్యూ_కట్టండి
అయితే సెర్చ్ గొలుసులో ‘క్వెరీ’ అని కాల్‌బ్యాక్ పెట్టి, అందులో స్టాకు సున్నా కంటే ఎక్కువ అని రాశారా?

పాతపుస్తకం
రాశాను... అక్కడే కదా పెట్టాలి?

క్యూ_కట్టండి
దొరికింది దొంగ. ఆ కాల్‌బ్యాక్ పడేది ఆల్గోలియా 20 ఐడీలు ఎంచి ఇచ్చేశాక. అందులో 3 స్టాకు లేనివైతే మీకు మిగిలేది 17. ఆ కాల్‌బ్యాక్ సంబంధాలు ముందే లాగడానికి, వడపోతకి కాదు. వడపోత ఇండెక్స్‌లోనే జరగాలి. ‘స్టాకులో ఉందా’ అన్న ఫీల్డు 1 లేదా 0గా పంపి, స్కౌట్ ‘వేర్’తో 1కి సమానం అనండి. ట్రూ, ఫాల్స్ పంపకండి. ఆల్గోలియా డ్రైవరు ‘వేర్’ని అంకెల ఫిల్టరుగా అతికిస్తుంది, పీహెచ్‌పీలో ఫాల్స్‌ని స్ట్రింగు చేస్తే ఖాళీ అవుతుంది.

గోదారిగట్టు
ఓకే, నా అంచనా తప్పు. సూచనల్లో అమ్ముడుపోయినవి రావడమూ ఇదే కథ, అక్కడ డేటాబేసు వడపోతే లేదు కాబట్టి. ఇంతకీ స్టాకు తగ్గించే కోడు ఎలా ఉంది?

పాతపుస్తకం
మోడల్ మీదే ‘డిక్రిమెంట్’. మూకుమ్మడి అప్‌డేటు కాదు.

గోదారిగట్టు
అదీ పట్టదు! చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మోడల్ మీద ‘డిక్రిమెంట్’ పిలిస్తే ‘అప్‌డేటింగ్’, ‘అప్‌డేటెడ్’ ఈవెంట్లు పేలతాయి, ‘సేవ్డ్’ పేలదు. స్కౌట్ కాపు కాసేది ‘సేవ్డ్’ దగ్గర. కాబట్టి స్టాకు సున్నా అయినా ఇండెక్స్‌కి కబురు వెళ్లదు. డిక్రిమెంట్ వెనకే ఆ మోడల్ మీద ‘సెర్చబుల్’ పిలవండి. విలువ మార్చి ‘సేవ్’ చేసినా ఇండెక్స్ కదులుతుంది గానీ, ఒకేసారి ఇద్దరు కొంటే లెక్క తప్పొచ్చు. డిక్రిమెంటే ఉంచడం మేలు.

ధరలన్నీ ఒకేసారి పెంచేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. ‘వేర్’, ‘అప్‌డేట్’ అయ్యాక అదే షరతు మీద ‘సెర్చబుల్’ పిలిస్తే విడతలుగా పంపుతుంది. అప్‌డేటు షరతునే మార్చేస్తే (ధర 100 లోపువి 120 చేయడం లాంటిది) రెండోసారి ఆ షరతుకి ఏదీ చిక్కదు, ముందే ఐడీలు పట్టి ఉంచుకోండి.

మిరపబజ్జీ
అంటే ఫ్రేమ్‌వర్క్ ‘అప్‌డేట్ అయింది కానీ సేవ్ అవలేదు’ అంటోంది. మా ఆఫీసులో జీతాల పెంపు కూడా ఇదే బాపతు.

క్యూ_కట్టండి
క్యూ వాడుతున్నారు కాబట్టి ఇంకో రెండు. స్కౌట్ కాన్ఫిగ్‌లో ‘ఆఫ్టర్ కమిట్’ డిఫాల్టుగా ఫాల్స్, ట్రూ చేయండి. లేకపోతే ట్రాన్సాక్షన్ ముగియకముందే వర్కర్ జాబు అందుకుంటుంది. కొత్త వరస దానికి ఇంకా కనిపించదు, ఏ ఎర్రరూ లేకుండా జాబు ‘విజయవంతం’ అవుతుంది, పుస్తకం మాత్రం ఇండెక్స్‌లో ఉండదు. రెండోది, ‘టు సెర్చబుల్ అర్రే’ మార్చాక ‘క్యూ రీస్టార్ట్’ కొట్టాలి. వర్కర్ పాత కోడు నెమరేస్తూనే ఉంటుంది.

సర్వర్_సత్తెమ్మ
ఎవరూ అనలేదని చెప్తున్న, స్కౌట్ ప్రిఫిక్స్ (ఇండెక్స్ పేరు ముందట చేరేది) పెట్టినవా లేదా? ఖాళీగ ఉంటే లోకల్, స్టేజింగ్, అసలు సైటు అన్నీ ఒకటే ఇండెక్స్‌ల రాస్తయ్. లాప్‌టాప్ మీద ‘స్కౌట్ ఫ్లష్’ కొట్టినవంటే అసలు సైటు సెర్చ్ ఖాళీ. టెస్టులు నడిపేటప్పుడు డ్రైవర్ ‘నల్’ పెట్టు, లేకుంటే ఫ్యాక్టరీల పుట్టిన దొంగ పుస్తకాలన్నీ ఇండెక్స్‌కి పోతయ్.

పాతపుస్తకం
ఖాళీగానే ఉంది. ఇప్పుడే పెట్టాను. చెమటలు పట్టాయి.

అరసున్న
ఇక పెళ్లి సంగతి.

‘పెళ్లి’లో ళ, పొల్లు, ల ఉన్నాయి. ‘పెళ్ళి’లో ళ, పొల్లు, ళ. మనకి ఒకే మాట, యంత్రానికి రెండు. నీళ్లు/నీళ్ళు, కాళ్లు/కాళ్ళు, వెళ్లు/వెళ్ళు అన్నీ ఇంతే. అందుకని తెలుగు పాఠాన్ని ఒక ఫంక్షన్‌లోంచి పంపి, అసలు ఫీల్డు పక్కన ‘శుద్ధి’ అని రెండో ఫీల్డు పెట్టాలి. వెతికేది శుద్ధి ఫీల్డులో, చూపించేది అసలు ఫీల్డు. వాడుకరి కొట్టిన మాట కూడా అదే ఫంక్షన్‌లోంచి పోవాలి. ఒక వైపే చేస్తే ఉన్నది కూడా పోతుంది.

ఫంక్షన్‌లో వరసగా: ముందు ‘నార్మలైజర్’తో ఎన్‌ఎఫ్‌సీ (పీహెచ్‌పీ ‘ఇంటిల్’ ఎక్స్‌టెన్షన్ కావాలి). ఐత్వం ఒకే కోడ్‌పాయింటుగానూ రావచ్చు, ఎత్వం కింద ఐత్వపు గుర్తు కలిపి రెండుగానూ రావచ్చు. తెర మీద తేడా ఉండదు, ఎన్‌ఎఫ్‌సీ రెంటినీ ఒకటి చేస్తుంది. తర్వాత కంటికి కనిపించని 200సి, 200డి కోడ్‌పాయింట్లు (జడ్‌డబ్ల్యూఎన్‌జే, జడ్‌డబ్ల్యూజే) తీసేయాలి. ‘వెబ్‌సైటు’, ‘రాజ్‌కుమార్’ లాంటి మాటల్లో పొల్లు వెనక ఇవి దాక్కుంటాయి, ఒక కీబోర్డు పెడుతుంది, ఇంకోటి పెట్టదు. తీసేస్తే చూడ్డానికి వత్తుగా అతుక్కుపోతుంది, అందుకే అది వెతకడానికే తప్ప చూపించడానికి కాదు. ఆపైన ళ్ళ ని ళ్ల చేయడం, ఱ ని ర చేయడం, అరసున్న తీసేయడం.

నల్లేరు
మీ పేరే తీసేయమంటున్నారు.

అరసున్న
ఇండెక్స్ కోసం ఆ మాత్రం త్యాగం తప్పదు.

సాదాసీదా
ఱ ని ర చేస్తే ఎలా? పాత పుస్తకాల సైటు అది. శకటరేఫం కోసమే వెతికేవాళ్లుంటారు.

అరసున్న
ఉంటారు, వాళ్లకీ దొరుకుతాయి, రెండు రకాలవీ వస్తాయి అంతే. అసలు పేరు ఫీల్డుని కూడా వెతికే ఫీల్డుల జాబితాలో మొదట ఉంచి, శుద్ధి ఫీల్డుని రెండోది చేయండి. ఆల్గోలియాలో ఆ జాబితా వరుసే ప్రాధాన్యం.

గోదారిగట్టు
వాడుకరుల్లో చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు కదా. ‘పుస్తకం’ అని తెలుగులో కొట్టేవాడు ఒకడైతే పి-యు-ఎస్ అంటూ మొదలెట్టేవాళ్లు పదిమంది.

అరసున్న
దానికి మూడో ఫీల్డు, ‘ధ్వని’. ‘ఇంటిల్’లోనే ‘ట్రాన్స్‌లిటరేటర్’ ఉంది. తెలుగు నుంచి లాటిన్, లాటిన్ నుంచి ఆస్కీ, రెండు నియమాలు కలిపి ఇవ్వండి. ట, త రెండూ టి అవుతాయి, ల, ళ రెండూ ఎల్, శ ష స మూడూ ఎస్. దీర్ఘాలు పొట్టివవుతాయి. పెళ్లి, పెళ్ళి రెండూ ఒకే అయిదక్షరాలకి వచ్చేస్తాయి.

అది ఐఎస్‌ఓ 15919 (భారతీయ లిపుల్ని లాటిన్‌లో రాసే ప్రమాణం) పద్ధతి కాబట్టి చ కి ఉత్త సి వస్తుంది. మనవాళ్లు ‘చెట్టు’ని సి-హెచ్‌తో కొడతారు. సి వెనక హెచ్ లేకపోతే చేర్చండి, ఇది తెలుగు నుంచి మార్చిన దానికి మాత్రమే. రెండు వైపులా చేయాల్సినవి: టి-హెచ్‌ని టి, డి-హెచ్‌ని డి, ఎస్-హెచ్‌ని ఎస్, జంట ఎ ఒక ఎ, జంట ఇ ని ఐ, జంట ఓ ని యు. సున్న ఎప్పుడూ ఎమ్ అవుతుంది. ‘సంబంధం’లో రెండో సున్నని జనం ఎన్ అని కొడతారు, అందుకే పి, బి, ఎమ్ కాని హల్లు ముందు ఎమ్‌ని ఎన్ చేయండి.

కల, కళ ఒకటైపోతాయి ఇందులో. అందుకే ఇది జాబితాలో అట్టడుగున.

బ్యాకెండ్_బాబాయ్
హైదరాబాదుని ఇంగ్లీషులో హెచ్-వై అని కొట్టేవాళ్లకి ఇది చిక్కదు. అలాంటివి సమానార్థకాల్లో పడేయండి. బెజవాడ/విజయవాడ, ఓరుగల్లు/వరంగల్, రాజమండ్రి/రాజమహేంద్రవరం కూడా అక్కడే.

సర్వర్_సత్తెమ్మ
సూచనలు బ్రౌజర్ నుంచి సీదా పోతున్నయ్ అన్నడు. జావాస్క్రిప్ట్‌ల ఎన్‌ఎఫ్‌సీ ఉంటది గాని ఆ ట్రాన్స్‌లిటరేటర్ ఉండది. అప్పుడెట్ల?

అరసున్న
క్వెరీ వైపు అది అక్కర్లేదు. తెలుగులో కొడితే శుద్ధి, ఇంగ్లీషులో కొడితే ఆ అక్షర మార్పులు, రెండూ నాలుగైదు ‘రీప్లేస్’లే, జావాస్క్రిప్ట్‌లో రాసుకోవచ్చు. ట్రాన్స్‌లిటరేటర్ ఇండెక్స్ వైపు మాత్రమే.

బ్యాకెండ్_బాబాయ్
ఒకే నియమం పీహెచ్‌పీలో ఒకసారి, జావాస్క్రిప్ట్‌లో ఒకసారి రాస్తే ఆర్నెల్లకి తేడా వచ్చి తీరుతుంది. సూచనల్ని కూడా సర్వరు మీదుగా తిప్పడమే నా ఓటు. ఒక గెంతు ఎక్కువ, అంతే.

నల్లేరు
మొబైల్లో ఆ గెంతు తెలుస్తుంది బాబాయ్. ఇరవై ముప్ఫై మాటల పరీక్ష జాబితా ఒకటి పెట్టి రెండు వైపులా నడిపితే తేడా వచ్చిన రోజే దొరుకుతుంది.

క్యూ_కట్టండి
తెలుగు టైపింగులో ఇంకో చిక్కు. కంప్యూటర్లో ధ్వని కీబోర్డుతో ‘పుస్తకం’ కొడితే 8 మీటలు, మీటకో రిక్వెస్టు పోతే 8 లెక్కలో పడతాయి. సగం దారిలో పెట్టెలో ఉండేది ఇంగ్లీషు అక్షరాలో, సగం గుణింతమో. ‘కంపోజిషన్ ఎండ్’ (కీబోర్డు మాట కూర్చడం ముగించిందన్న ఈవెంటు) వచ్చేదాకా ఆగండి.

గోదారిగట్టు
ఫోన్లో అది పనికిరాదు. ఆండ్రాయిడ్ కీబోర్డులు స్పేసు కొట్టేదాకా కంపోజిషన్‌లోనే ఉంచుతాయి, సూచనలే రావు. మీట ఆగాక 300 మిల్లీసెకన్లు చూసి పంపడం మేలు, రెంటికీ సరిపోతుంది.

క్యూ_కట్టండి
నిజమే, ఫోను సంగతి మర్చిపోయా.

పాతపుస్తకం
శుద్ధి, ధ్వని రెండూ పెట్టి స్టేజింగ్‌లో ఇంపోర్టు చేశాను. పెళ్ళిళ్లన్నీ కలిశాయి. కానీ ‘గుండె’ అని కొడితే గుండు చేయించుకునే మొక్కుల పుస్తకం వస్తోంది!

మిరపబజ్జీ
ఆపరేషను ముందు మొక్కుకునేవాళ్లకి పనికొస్తుంది, వదిలేయండి.

నల్లేరు
అక్షరదోషాల సహనం అది. ఆల్గోలియాలో డిఫాల్టుగా 4 అక్షరాల మాటకి ఒక తప్పు, 8కి రెండు తప్పులు ఒప్పుకుంటుంది. ఇంగ్లీషుకి సరే. తెలుగులో ‘గుండె’ కంటికి రెండక్షరాలు, కోడ్‌పాయింట్లు 5. ఎత్వం, ఉకారం తేడా ఒక్క తప్పే. ‘కథలు’, ‘కలలు’ చూడండి, 4 కోడ్‌పాయింట్లు, ఒక తేడా. ఒక తప్పుకి కనీసం 6, రెండు తప్పులకి 11 పెట్టి చూడండి.

సాదాసీదా
మొత్తం ఆపేస్తే పోలా?

నల్లేరు
పోదు, బహువచనాలు దానిమీదే బతుకుతున్నాయి. ‘పుస్తకం’ కొడితే ‘పుస్తకాలు’ రావాలంటే సున్న బదులు దీర్ఘం అన్న ఒక తప్పు, ఆపైన చివరి మాటకి ఉండే ముందుభాగపు పోలిక, రెండూ కావాలి. 7 కోడ్‌పాయింట్లు కాబట్టి 6 హద్దులో అది బతుకుతుంది.

అరసున్న
ఆ ముందుభాగపు పోలిక డిఫాల్టుగా చివరి మాటకే. ‘వరంగల్ కోట’ అంటే ‘వరంగల్లో కోట’ చిక్కకపోవచ్చు. పైగా కొట్టిన మాటలన్నీ ఉంటేనే ఫలితం. ‘సున్నా ఫలితాలైతే మాటలు తగ్గించు’ అన్న సెట్టింగుని ‘అన్నీ ఐచ్ఛికం’ చేస్తే ఖాళీ పేజీలు తగ్గుతాయి. ‘వేపచెట్టు’, ‘వేప చెట్టు’ గొడవకీ కొంత ఊరట.

పాతపుస్తకం
అసలు సైటులో మళ్లీ ఇంపోర్టు చేయాలంటే ఫ్లష్ కొట్టాలి కదా, ఆ కాసేపూ సెర్చ్ ఖాళీగా ఉంటుందేమో?

క్యూ_కట్టండి
ఫ్లష్ వద్దు. ‘సెర్చబుల్ యాజ్’లో ఇండెక్స్ పేరుని ఎన్విరాన్‌మెంట్ విలువ నుంచి తీసుకోండి, కొత్త పేరుతో ఇంపోర్టు నింపి, రెండు వైపులా లెక్క సరిపోయాక ఆ విలువ మార్చండి. 500 చొప్పున 85 విడతలు, ఎంతోసేపు పట్టదు. నింపుతున్నంతసేపూ జరిగిన అమ్మకాలు పాత ఇండెక్స్‌కే పోయుంటాయి, మార్చాక ఆ సమయం నుంచి ‘అప్‌డేటెడ్ ఎట్’ ఉన్నవాటి మీద ‘సెర్చబుల్’ ఒకసారి కొట్టండి. కొత్త ఇండెక్స్‌కి సెట్టింగులు దానంతటవి రావు, ‘స్కౌట్ సింక్ ఇండెక్స్ సెట్టింగ్స్’ నడపాలి. సమానార్థకాలు ఆ సెట్టింగుల్లో భాగం కాదు, విడిగా కాపీ చేయాలి.

పాతపుస్తకం
మార్చేశాను. టేబుల్లో 42,310, ఇండెక్స్‌లో 42,310. పేజీకి 20కి 20. గుండు పోయింది. వివరణ 150 మాటలకి కోస్తే పెద్ద రికార్డు కూడా లోపలికి వచ్చింది, అదేమిటో తెలుసా? ఒక నిఘంటువు. ఎవరో ముందుమాట మొత్తం వివరణలో అతికించారు.

కొత్తకాపు
నేను ఆల్గోలియా బదులు మెయిలీసెర్చ్ వాళ్ల హోస్టింగు వాడదామనుకుంటున్నా. ఇదే కోడు పనిచేస్తుందా?

గోదారిగట్టు
మోడల్ కోడు అదే. కాకపోతే ‘వేర్’ పెట్టే ప్రతి ఫీల్డునీ ముందే ‘ఫిల్టరబుల్’ జాబితాలో చెప్పాలి, లేకపోతే ఎర్రరు. వరస మార్చే ఫీల్డులకి ‘సార్టబుల్’ జాబితా. అక్షరదోషాల హద్దులు డిఫాల్టుగా 5, 9. రికార్డులు పంపగానే 202 వస్తుంది, అంటే వరుసలో పెట్టుకుందని మాత్రమే. నిజంగా లోపలికి వెళ్లిందో లేదో టాస్కుల జాబితాలో చూడాలి.

కొత్తకాపు
టైప్‌సెన్స్?

గోదారిగట్టు
ఐడీ స్ట్రింగుగా, తేదీ అంకెగా పంపాలి, ఫీల్డుల స్కీమా ముందే కాన్ఫిగ్‌లో రాయాలి. మిగతాది కొత్త దారం తెరిచి అడగండి, ఇది ఇప్పటికే పెళ్ళి పందిరిలా ఉంది.